ఎన్ఎస్ఎస్ క్యాంపా, సీఎస్పీనా: ఊరి పిల్లలకు ఏది మేలు?

మా అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లలు ఊరికి పనికొచ్చే పని చేయాలంటే ఉన్నవి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం. ఇష్టముంటేనే చేరతారు. రెండేళ్లలో 240 గంటలు, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు. రెండోది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, అంటే సీఎస్పీ. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి రిపోర్టు రాయాలి. మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో 180 గంటలు, 4 క్రెడిట్లు. ఇది ఎగ్గొట్టడానికి లేదు.

ఇష్టపడి చేసేదే గొప్పని, పాఠాలు చెప్పే నేనూ అనుకునేవాణ్ణి. క్లాసులో క్యాంపుకు పేర్లు అడిగితే లేచే చేతులు చూశాక ఆ మాట తగ్గించాను. లేచేవి హాస్టల్ అబ్బాయిలవి, టౌన్లో ఇల్లున్న వాళ్లవి. నార్పల వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి తల వంచుకుని నోట్సు తిప్పుతుంటుంది. వారం రాత్రులు బయట ఉండనిస్తారా ఇంట్లో? సాయంత్రాలు సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే అబ్బాయికి వారం జీతం పాయె. క్యాంపులో అన్నం పెడతారు సరే, పోయిన కూలి ఎవరిస్తారు? సర్టిఫికెట్ మాత్రం వెళ్లగలిగినవాళ్లకే.

సీఎస్పీకి సొంత ఊరే ఎంచుకోవచ్చు, రాత్రికి ఇంట్లోనే పడుకోవచ్చు. అయితే మన దగ్గర ఎండాకాలమంటే కరువు పని. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైంది కూడా ఆ నార్పల మండలం బండ్లపల్లిలోనే. పొద్దున అమ్మతో మట్టి పనికి పోయి, ఎండ ముదిరాక సర్వే కాగితాలు పట్టుకుని తిరిగిన అమ్మాయి నాకు తెలుసు.

"పిన్నీ, మీకు మరుగుదొడ్డి ఉందా?"

"నీకు తెలీదా పాపా? దీనికేమన్నా పథకమొస్తుందా?"

పథకమొస్తుందా అన్న ఆ ప్రశ్నకు జవాబు ఏ మెంటరూ నేర్పలేదు. నేను కూడా.

సీఎస్పీలో అసలు తేడా పడేది రిపోర్టు దగ్గర. డబ్బున్నవాడు డీటీపీ సెంటర్లో రెడీమేడ్ రిపోర్టు కొని, స్పైరల్ బైండింగ్‌తో తెస్తాడు. ఇల్లిల్లూ తిరిగిన అమ్మాయి చేతిరాత కాగితాలు టేబుల్ మీద వెలవెలబోతాయి. మార్కులు వేసేది మనమే కాబట్టి ఆ తప్పులో సగం మనది.

అయినా నా ఓటు సీఎస్పీకే. ఎన్ఎస్ఎస్‌ను తీసేయమనడం లేదు, క్యాంపు బదులు పొద్దున పోయి సాయంత్రం వచ్చే పనులు పెంచితే చాలు. సీఎస్పీలో మాత్రం బైండింగ్ వద్దని ఈసారి మా సెక్షన్‌కు ముందే చెప్పాను. లాగ్‌బుక్ చేతిరాతలో ఉండాలి, వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడిగేది అందులోంచే.