గర్భిణుల వైద్య నియమాలు యాప్‌లోకి ఎలా చేరాలి: ఏది మేలు?

ఒక గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం పరీక్షిస్తే చక్కెర 145 వచ్చిందనుకుందాం. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఆమెకు గర్భధారణ మధుమేహం ఉన్నట్టే, ఎందుకంటే ఇక్కడ హద్దు 140. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెట్టిన హద్దు 153. ఆ లెక్కన ఈ అంకె మామూలే. మరి ఏఎన్‌ఎం (ఊళ్లో గర్భిణులను చూసే ఆరోగ్య కార్యకర్త) చేతిలోని ట్యాబ్ ఏం చెప్పాలి? నియమం పుస్తకంలో ఉన్నంతకాలం ఇలాంటి తేడాలను డాక్టరు తన అనుభవంతో సర్దుకుంటాడు. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాక ఎవరో ఒకరు ముందే తేల్చి ఉండాలి. ఆ తేల్చే పద్ధతులు మూడు.

మొదటిది, యాప్ చేసే కంపెనీకి మార్గదర్శకాల పీడీఎఫ్ ఇచ్చి, ప్రోగ్రాములో రాసేయమనడం. పని త్వరగా అవుతుంది, ప్రారంభోత్సవం అనుకున్న తేదీకే జరుగుతుంది. కానీ ఆ పీడీఎఫ్‌లో చాలా చోట్ల ‘అవసరమైతే పెద్దాసుపత్రికి పంపాలి’ అనే ఉంటుంది. ఏ అంకె దాటితే అవసరమో కోడు రాసే ఇంజినీరే ఊహించుకోవాల్సి వస్తుంది. ఒక వైద్య నిర్ణయం ఏ వైద్యుడి కంటా పడకుండా జరిగిపోతుంది. చిన్న ప్రయోగానికి తప్ప, నాకు ఇది ఏమాత్రం సమ్మతం కాదు. పైగా నియమాలు మారుతూ ఉంటాయి. గర్భిణుల్లో రక్తహీనతకు హిమోగ్లోబిన్ హద్దు 11 గ్రాములు అని ఏళ్లుగా అందరూ నేర్చుకున్నదే. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండో త్రైమాసికానికి దాన్ని 10.5 చేసింది. మన దేశం రేపు దాన్ని స్వీకరించాలనుకుంటే, హెచ్చరికలో, నెలవారీ నివేదికలో, మాత్రల లెక్కలో విడివిడిగా పాతుకుపోయిన 11ను వెతికి వెతికి మార్చాలి. ఒక్కచోట మరిచిపోయినా హెచ్చరిక ఒకటి చెబుతుంది, నివేదిక మరొకటి చెబుతుంది.

రెండోది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కిట్‌ను యథాతథంగా తెచ్చుకోవడం. స్మార్ట్ మార్గదర్శకాల పేరిట ఆ సంస్థ 2021లో గర్భిణుల సంరక్షణకు మొదటి డిజిటల్ అడాప్టేషన్ కిట్ విడుదల చేసింది. ఏ సందర్శనలో ఏ ప్రశ్న అడగాలి, ఏ సమాధానానికి ఏ చర్య తీసుకోవాలి, ఏ సూచికను ఎలా లెక్కించాలి అన్నవి అందులో పట్టికలుగా ఉంటాయి. వైద్యుడు చదివి తప్పొప్పులు చెప్పగలడు, ఇంజినీరు ఊహించాల్సిన పనిలేదు. ఇది చిన్న మేలు కాదు.

అయితే అది ఏ ఒక్క దేశానికీ రాసింది కాదు. ఆ సంస్థ 2016 సిఫారసుల ప్రకారం ఎనిమిది సందర్శనలు కావాలి. మన దగ్గర కనీసం నాలుగు అన్నదే లెక్క. కిట్‌ను మార్చకుండా పెడితే నాలుగుసార్లూ సక్రమంగా వచ్చిన తల్లి కూడా ట్యాబ్‌లో ‘బాకీ’ చూపిస్తూనే ఉంటుంది. ఆఫ్రికాలోని మలేరియా ప్రాంతాల కోసం చెప్పిన నివారణ మాత్రలు మన జాబితాలో ఉండకూడదు. ఐరన్ విషయంలో పేచీ తక్కువ. వాళ్లు రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాములు అన్నారు, మన ఎర్ర మాత్రలో 60 ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రం వాళ్లది 400 మైక్రోగ్రాములు, మనది 500. పీహెచ్‌సీకి వచ్చే మాత్ర ఏదో యాప్‌లోనూ అదే ఉండాలి.

అసలు చిక్కు మధుమేహం దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఖాళీ కడుపుతో 92, గంటకు 180, రెండు గంటలకు 153 హద్దులు. పూర్తి పరీక్షకు మూడుసార్లు రక్తం తీయాలి. దూరపు ఊరి నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణిని ఏమీ తినకుండా రమ్మంటే, పరీక్షే మానేసే ప్రమాదం ఉంది. అందుకే మన మార్గదర్శకాలు తిన్నా తినకపోయినా చేయగల ఒకే పరీక్షను ఎంచుకున్నాయి. ఇందులో కొన్ని కేసులు తప్పిపోతాయని వాదించే నిపుణులున్నారు. ఆ వాదం వినదగినదే, కానీ అది నిపుణుల సంఘంలో జరగాలి. యాప్ సెట్టింగులలో ఎవరికీ తెలియకుండా తేలిపోకూడదు.

నేను మొగ్గేది మూడో దారికి. కిట్‌తోనే మొదలుపెట్టాలి. ప్రతి అంకె దగ్గర జాతీయ నిపుణులు ఆగి, మార్చిన చోట కారణం రాసి సంతకం చేయాలి. అలా తేలిన నియమాలను యాప్ కోడులో కలపకుండా విడి ఫైలుగా ఉంచాలి. అప్పుడు 11ను 10.5 చేయడం అంటే ఒక్క వరుస మార్చడమే. దేశంలో పునాది కూడా ఉంది. ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు ఆరోగ్య సమాచారాన్ని ఒకే రూపంలో ఇచ్చిపుచ్చుకునేందుకు ఉన్న ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణాన్ని ఎంచుకుంది, దాని భారతీయ నమూనాలను పుణేలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో ఉన్న, ఆరోగ్య రికార్డుల ప్రమాణాల జాతీయ కేంద్రం ప్రచురిస్తోంది. కిట్‌కు యంత్రం చదవగల రూపం ఇచ్చేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడేదీ అదే ప్రమాణం.

ఈ దారి ఖరీదైనదే. డాక్టర్లు ఇంజినీర్ల పక్కన వారాల తరబడి కూర్చోవాలి, అలాంటి ఓపికకు మన కార్యాలయాల్లో బడ్జెట్ పద్దు కనిపించదు. సిగ్నల్ లేని ఏజెన్సీ గ్రామాల్లో ట్యాబ్‌కు కొత్త ఫైలు ఆలస్యంగా చేరుతుంది. ఒకే మండలంలో కొన్నాళ్లు రెండు నియమాలు నడుస్తాయి. ఒక జిల్లాలో ఆరు నెలల ప్రయోగమే అయితే మొదటి దారి చాలంటాను. రాష్ట్రమంతటా ఏళ్లపాటు నడిచే వ్యవస్థకు మాత్రం ఆ ఖర్చు పెట్టి తీరాలి.

రెండు షరతులు. యాప్ చేతికి రాకముందే వైద్యులు ఊహాజనిత గర్భిణుల చిట్టా రాసి ఇవ్వాలి. 145 వచ్చిన ఆమెకు మధుమేహం అని, 6.8 హిమోగ్లోబిన్ ఉన్న ఆమెను వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని సాఫ్ట్‌వేర్ చెప్పకపోతే బిల్లు చెల్లించకూడదు. రెండోది, ప్రతి తల్లి రికార్డులో ఆ రోజు వాడిన నియమాల కూర్పు (వెర్షన్) సంఖ్య నమోదు కావాలి. రక్తహీనత తగ్గిందని నివేదిక వచ్చినప్పుడు, తల్లుల ఆరోగ్యం మెరుగైందో హద్దు మారిందో తెలుసుకోవడానికి అదొక్కటే ఆధారం.