నూర్విక్‌కి చిన్న విమానంలో: ఆరేళ్లలో ఐదుసార్లు

మా అమ్మాయి అలాస్కాలోని నూర్విక్ అనే ఊళ్లో టీచరు. ఆరేళ్లలో కొత్తపేట నుంచి ఐదుసార్లు వెళ్లొచ్చాను. శంషాబాద్ నుంచి సియాటెల్, యాంకరేజ్ మీదుగా కాట్జెబ్యూ దాకా పెద్ద విమానాలే. నేను రాస్తున్నది ఆ తర్వాత మిగిలే 70 కిలోమీటర్ల గురించి.

ఆరేడు వందల జనం ఉన్న ఆ ఊరికి రోడ్డు లేదు. వేసవిలో పడవలు, చలికాలంలో గడ్డకట్టిన నది మీద స్నోమెషీన్లు, అంటే మంచు మీద నడిచే మోటారు బళ్లు. ఏడాది పొడుగునా నడిచేది చిన్న విమానమే. 2010లో అమెరికా జనాభా లెక్కలు ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు, అదీ జనవరిలో, నేల గడ్డకట్టి ఉన్నప్పుడు.

నేనెక్కింది ప్రతిసారీ సెస్నా కారవానే. ఒకటే ఇంజను, పైలట్ కాక తొమ్మిది మంది. కౌంటర్లో ముందు సామాను తూస్తారు, తర్వాత కోటూ బూట్లతో సహా మనల్నీ తూస్తారు. మొదటిసారి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అంకెను బట్టే ఎవరెక్కడ కూర్చోవాలో చెబుతారని తర్వాత తెలిసింది. బరువు వెనక్కి పడితే విమానం అదుపులో ఉండదట. రెండోసారి నాకు పైలట్ పక్క సీటే ఇచ్చారు. అతను తిప్పినప్పుడల్లా నా మోకాళ్ల ముందున్న స్టీరింగూ కదులుతుంటే, దానికి చీర కొంగు తగలకుండా ఒళ్లో బిగించి పట్టుకున్నాను.

సామాను సంగతి వివరంగా చెప్పాలి. 23 కిలోల పెట్టెలు రెండు ఇచ్చారు కదా అని హైదరాబాద్‌లో నింపుకుని వెళ్తే ఇక్కడ చిక్కే. బరువు ఎక్కువైందని ఒకసారి నా పెట్టె ఆపేశారు, రెండు రోజుల తర్వాత వచ్చింది. పెట్టెలు విమానం పొట్ట కింది అరలో పెడతారు, అక్కడ వేడి ఉండదు. గోంగూర పచ్చడి మీది నువ్వులనూనె నెయ్యిలా పేరుకుపోయింది, నీళ్లు కలిసిన చింతపండు గుజ్జు ఉబ్బి సీసా నిలువునా పగిలింది. అప్పటి నుంచి సీసాలు మానేశాను. అన్నీ ప్లాస్టిక్ కవర్లలోనే, మెత్తటి చిన్న సంచుల్లో. బీపీ మాత్రలు, స్వెట్టరు, ఊలు టోపీ చేతిసంచిలో.

ఐదు ప్రయాణాల్లో అనుకున్న రోజున చేరింది రెండుసార్లే. మంచు ముసురుకుంటే కదలరు. ఒకసారి కాట్జెబ్యూలో మూడు రాత్రులు ఉండిపోయాను. ఇంకోసారి బయల్దేరాక పావుగంటకి కిటికీ అవతలంతా పాల తెలుపైపోయింది, నేలా ఆకాశం ఒకటే రంగు. పైలట్ ఒక్క మాటా మాట్లాడకుండా వెనక్కి తిప్పాడు. పక్కన కూర్చున్న ఇనుపియాక్ (అక్కడి ఆదివాసీ తెగ) పెద్దావిడ నా చెయ్యి తట్టి, రేపు వెళ్దాంలే అంది. ఆ ఊరి వాళ్లెవరూ విసుక్కోలేదు. అలా తిప్పినందుకే నాకు ఆ పైలట్ల మీద గురి కుదిరింది. ఇప్పుడు మా వారు ఇంట్లో భయపడుతుంటే నేనే సర్దిచెబుతాను.

శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్ల పైమాటే. నూర్విక్‌లో కిలోమీటరు పైచిలుకు, అదీ కంకరది. దిగేటప్పుడు చక్రాల కింద కంకర గరగరమంటుంది. బయట బండి కట్టిన స్నోమెషీన్‌తో అమ్మాయి నిలబడి ఉంటుంది. నన్ను బండిలో కూర్చోబెట్టి, మెడదాకా దుప్పటి కప్పి, మొదట అడిగేది పచ్చళ్ల సంచి వచ్చిందా అనే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. తిరుగు ప్రయాణంలో యాంకరేజ్ విమానానికి రెండు రోజుల ముందే నూర్విక్ నుంచి బయల్దేరండి. నేను మూడోసారి అలా చెయ్యక సియాటెల్ టికెట్ పోగొట్టుకున్నాను.