థండర్‌జెట్ 500 చాసిస్: పాత స్లాట్ కార్లను అడుగు భాగం చూసి పోల్చుకోదలచినవారికి

స్లాట్ కార్లంటే గాడి ఉన్న ట్రాక్ మీద కరెంటుతో నడిచే చిన్న బొమ్మ కార్లు, చాసిస్ అంటే బాడీ కింద మోటారు, చక్రాలు ఉండే చట్రం. అమెరికాకు చెందిన అరోరా కంపెనీ 1963లో విడుదల చేసిన థండర్‌జెట్ 500 చాసిస్‌లుగా కొన్నవి ప్రస్తుతం నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఆరింటిని పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించి ట్రాక్ మీద నడిపిన తరువాతనే ఈ సమీక్ష రాస్తున్నాను. పాత స్లాట్ కార్ల చాసిస్‌లను చూడగానే పోల్చుకోవడం, ఒకసారి పోల్చుకున్నదాన్ని మరిచిపోకుండా ఉండడం నేర్చుకోవాలనుకునేవారు అన్నింటికన్నా ముందు కొనవలసినది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

పాత కార్ల విషయంలో బాడీ చెప్పే సాక్ష్యాన్ని నమ్మడానికి వీల్లేదు. థండర్‌జెట్ బాడీ ముందొకటి, వెనకొకటి రెండు చిన్న స్క్రూలతో చాసిస్‌కు బిగిసి ఉంటుంది. ముందు ఇరుసు పెట్టుకోవడానికి చాసిస్‌లోనే రెండు చోట్ల రంధ్రాలు ఇచ్చారు కనుక పొట్టి కారు బాడీ అయినా, పొడుగు కారు బాడీ అయినా అదే చాసిస్ మీద కూర్చుంటుంది. అరవై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ బాడీ తీసి దేనికి తగిలించారో ఎవరూ చెప్పలేరు. అందుకే కారు చేతికి రాగానే దాన్ని వెల్లకిలా తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి.

ఈ చాసిస్ ప్రత్యేకత అంతా మోటారులో ఉంది. మామూలు మోటారులో ఆర్మేచర్, అంటే తీగచుట్టలతో తిరిగే భాగం, పడుకుని తిరుగుతుంది, దాని కడ్డీ నేలకు సమాంతరంగా ఉంటుంది. థండర్‌జెట్‌లో మాత్రం కడ్డీ నిలువుగా నిలబడి ఉండి, ఆర్మేచర్ బిళ్ళలాగా చదునుగా, బొంగరం తిరిగినట్టు తిరుగుతుంది. ఆ కాలం నుంచీ దీన్ని పాన్‌కేక్ మోటారు అనే అంటున్నారు. బిళ్ళకు ముందొక అయస్కాంతం, వెనకొక అయస్కాంతం ఉంటాయి. మోటారుకు విడిగా డబ్బా అంటూ ఏమీ లేదు, చాసిస్సే మోటారు ఇల్లు. అంగుళాల లెక్కన మూడు కూడా నిండని కారులో ఇంత అమరికను ఇమిడ్చిన తీరు చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చట వేస్తుంది. ఇంగ్లండులో ప్లేక్రాఫ్ట్ కంపెనీ కోసం చిన్న స్లాట్ కార్లను రూపొందించిన డెరెక్ బ్రాండ్ అనే ఇంజనీరు తరువాత అరోరాలో చేరి చేసిన పని ఇది.

పై నుంచి చూస్తే గేరు ప్లేటు కనబడుతుంది. ఆర్మేచర్ కడ్డీ చివర ఉన్న చిన్న గేరు ఒకటి, దాని పక్కన నడిమి గేరు ఒకటి, వెనక ఇంకొకటి, మొత్తం మూడు వరుసగా ఉంటాయి. ఆ మూడో గేరు కడ్డీ ప్లేటులోంచి కిందికి దిగి, అక్కడున్న చిన్న పళ్ళ చక్రంతో వెనక ఇరుసు మీది కిరీటం గేరును తిప్పుతుంది. నిలువుగా పుట్టిన తిరుగుడు అడ్డంగా మారేది ఆ ఒక్క చోటనే. వెనక చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతూ పై మూడు గేర్లనూ గమనిస్తే కదలిక ఎటు నుంచి ఎటు వెళుతోందో బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. పుస్తకంలో ఎన్ని పటాలు చూసినా రాని అవగాహన నాకు ఆ నిమిషంలో వచ్చింది. ఒకసారి చేతితో అలా తిప్పి చూసినవారు ఈ చాసిస్‌ను మరొకదానితో పొరబడరు.

గేరు ప్లేటు ఎత్తితే ఆర్మేచర్ ఊడి వస్తుంది. దాని అడుగున తీగచుట్టలకు కరెంటు అందించే, మూడు ముక్కలుగా విడగొట్టిన గుండ్రటి రాగి కమ్యుటేటర్ ఉంటుంది. చాసిస్‌లోని రెండు గుంటల్లో కూర్చున్న కార్బన్ బ్రష్షులు కింది నుంచి దాన్ని తాకుతుంటాయి. కొన్న చాసిస్ ఎంత తిరిగిందో తెలుసుకోవడానికి కమ్యుటేటర్‌ను మించిన ఆధారం లేదు. తక్కువ వాడిన దాని మీద సన్నని గీతల వలయం మాత్రమే ఉంటుంది. బాగా నడిచిన దాని మీద వేలిగోటికి తగిలేంత లోతుగా గాడి పడి ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే మూడు ముక్కల్లో రెండేసింటి మధ్య నిరోధం కొలవాలి. మూడు కొలతలూ దాదాపు ఒకేలా వస్తే తీగచుట్టలు ఆరోగ్యంగా ఉన్నట్టు, ఒకటి తేడాగా వస్తే ఎక్కడో తీగ తెగినట్టు లేదా కాలినట్టు అర్థం.

ఈ చాసిస్‌ను మొదట కొనమనడానికి అసలు కారణం, దీన్ని కొలబద్దగా పెట్టుకుంటే దీనికి ముందువీ తరువాతవీ వాటంతట అవే విడిపోతాయి. దీనికి ముందు, 1960లో అరోరా అమెరికాలో ప్రవేశపెట్టిన మోడల్ మోటరింగ్ కార్లలో తిరిగే ఆర్మేచర్ అసలే లేదు. తీగచుట్ట, దాని పక్కన ఏసీ కరెంటుకు అదిరే రేకు, ఆ అదురుకు ఒక్కో పన్ను చొప్పున ముందుకు జరిగే గేరు ఉంటాయి. వాటిని వైబ్రేటర్ అంటారు, నడుస్తున్నప్పుడు అవి చేసే గుర్రుమనే చప్పుడు విన్నవారికి ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 1971లో అరోరా నుంచే వచ్చిన ఏఎఫ్‌ఎక్స్ చాసిస్‌లో మళ్ళీ బిళ్ళ మోటారే ఉంటుంది గాని బాడీకి స్క్రూలు ఉండవు, నొక్కితే పట్టుకుంటుంది. స్క్రూ దూర్చే చోటు కోసం వెతకడం ఒక్కటే చాలు, ఈ రెండూ వేరవుతాయి. ఏఎఫ్‌ఎక్స్‌లోనే పై గేర్లు మూడుకు బదులు నాలుగు ఉన్న రకం ఒకటుంది. దాని పేరే ఫోర్ గేర్ కాబట్టి లెక్కపెట్టడం తప్ప గుర్తుపెట్టుకోవలసినది ఏమీ లేదు.

ఎక్కువ మంది తడబడేది మామూలు ఏఎఫ్‌ఎక్స్‌కూ, 1970ల నడుమ అదే కంపెనీ తెచ్చిన మాగ్నాట్రాక్షన్ రకానికీ మధ్య. పై నుంచి చూస్తే రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. వెల్లకిలా తిప్పితే, మాగ్నాట్రాక్షన్‌లో అయస్కాంతాలు పొడవు పెరిగి చాసిస్ అడుగు దాకా దిగి బయటికి కనిపిస్తాయి. ట్రాక్‌లోని ఉక్కు పట్టాలను అవి లాగడం వల్ల కారు మలుపులో నేలకు అతుక్కుంటుంది. థండర్‌జెట్‌లో ఆ ఆకర్షణ లేదనే చెప్పాలి. అందుకే మలుపులో దాని వెనక భాగం బయటికి జారుతుంది, కంట్రోలర్ మీట మీద వేలి ఒత్తిడిని వెంట్రుకవాసి తగ్గిస్తూ దాన్ని లోపలికి తెచ్చుకోవాలి. వేగం కోరుకునేవారికి మాగ్నాట్రాక్షన్ నచ్చుతుంది. నాకు మాత్రం కారు జారుతుంటే చేతితో దిద్దుకునే ఆ నడకలోనే ఎక్కువ ఆనందం. 1970లలోనే తరువాత వచ్చిన అరోరా జీ ప్లస్‌లో ఆర్మేచర్ పొడవునా పడుకుని ఉంటుంది, టైకో అనే వేరే కంపెనీ చేసిన టైకో ప్రోలో ఇత్తడి రేకు చాసిస్ ఉంటుంది. ఆ రెండింటినీ దూరం నుంచే చెప్పేయవచ్చు.

నా తొమ్మిదింటిలో అయిదు ఒకే విక్రేత దగ్గర కట్టగా కొన్నవి. అన్నీ థండర్‌జెట్‌లే అని రాసి, బాడీలు తగిలించిన ఫోటోలు మాత్రమే పెట్టారు. విప్పి చూస్తే ఒకదానిలో రెండు అయస్కాంతాలూ ఒకే ధ్రువం లోపలికి తిరిగేలా పెట్టి ఉన్నాయి, మోటారు తిరగనే లేదు. మరొకదానిలో రెండూ తారుమారై కారు వెనక్కి పరుగెత్తింది. ఇంకొకటి అసలు పాతదే కాదు, ఈ నమూనానే అనుసరించి ఆటో వరల్డ్ వంటి కంపెనీలు ఇటీవలి దశాబ్దాల్లో చేసినది. అల్ట్రా జీ అనే కొత్త రకానికి అడుగున పట్టు కోసం అదనపు అయస్కాంతం ఉంటుందన్న సంగతి అప్పటికే తెలిసి ఉంటే ఒక చిన్న సూదితో పరీక్షించి తేల్చుకునేవాడిని. పాత థండర్‌జెట్ అడుగున సూది అంత గట్టిగా పట్టుకోదు. కొత్తవి చెడ్డవని చెప్పను, ఆటకు అవి బాగానే ఉంటాయి. అయితే పాతవని చెప్పి అమ్మడం తప్పు.

లోపాలు లేకపోలేదు. పై గేర్లకు నూనె ఒక్క చుక్క ఎక్కువైతే అది కడ్డీ వెంట కమ్యుటేటర్ మీదికి దిగి బ్రష్షులను నానబెడుతుంది, అప్పుడు కారు తడబడుతూ నడుస్తుంది. పట్టాల నుంచి కరెంటు అందుకునే పికప్ షూలను కిందికి నొక్కే స్ప్రింగులు ఎంత చిన్నవంటే, విప్పేటప్పుడు తెల్లటి గుడ్డ పరుచుకోకపోతే ఒకటైనా పోవడం ఖాయం. గేరు ప్లేటు ఏ కాస్త వంగినా గేర్ల మధ్య రాపిడి పెరుగుతుంది. నా దగ్గరున్న ఒకదానికి ఆ వంపు తీయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

గుర్తుపెట్టుకోవడానికి నేను చేసే పని చిన్నదే. విప్పిన ప్రతి చాసిస్‌కూ నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించి, అడుగు భాగాన్ని పెన్సిలుతో గీస్తాను. ఫోటో తీసినవి నాకు గుర్తుండలేదు, గీసినవి గుర్తున్నాయి. గీయాలంటే ఇరుసు రంధ్రాలు ఎన్ని, షూ ఏ కొక్కేనికి వేలాడుతోంది, అయస్కాంతం ఎక్కడి దాకా దిగింది అని చూడక తప్పదు. బొమ్మ పక్కన ఏ భాగం అసలుది, ఏది నేను మార్చినది అన్నది కూడా రాస్తాను. రాయకపోతే రెండేళ్ళ తరువాత నా మరమ్మతే నన్ను తప్పుదారి పట్టిస్తుంది.

అసలు కారులో 24వ వంతు ఉండే 1/24 కొలతలోని పెద్ద పాత చాసిస్‌లతో మొదలుపెట్టమని కొందరు సలహా ఇస్తారు. కాక్స్ వంటి కంపెనీల మెగ్నీషియం పోత చాసిస్‌లు నిజంగా అందమైనవే. కానీ ఆ కొలతలో ఇత్తడి కడ్డీలు, ఉక్కు తీగలు సోల్డరు చేసి పందెగాళ్ళు స్వయంగా కట్టుకున్నవి ఎన్నో ఉన్నాయి. వాటి మీద పేరు ఉండదు, ముద్ర ఉండదు, మోటారును ఏటవాలుగా పెట్టిన తీరును బట్టి 1960ల చివరివో తరువాతివో అని ఊహించాలి. కొత్తవారు అక్కడ మొదలుపెడితే నిరుత్సాహపడతారు. థండర్‌జెట్‌ను విప్పి బిగించడం వచ్చాక అటు వెళ్ళడం మేలు.

కొనేటప్పుడు బాడీ తీసేసిన ఫోటోలు మూడు అడగండి: అడుగు భాగం, గేరు ప్లేటుతో పై భాగం, ఆర్మేచర్ తిరగేసి కమ్యుటేటర్ కనిపించేలా ఒకటి. ఆ మూడూ పంపిన విక్రేత దగ్గర నేను కొన్న నాలుగు చాసిస్‌లూ చెప్పినవి చెప్పినట్టే వచ్చాయి.