రీల్సా, గంట నడక వీడియోనా? యావరాత్ వెళ్లే ముందు

బ్యాంకాక్ చైనాటౌన్ యావరాత్‌లో ఏమేం తినుబండారాలు దొరుకుతాయో తెలియాలంటే రీల్స్ చాలు. పేరు, రూపం అర నిమిషంలో తెలిసిపోతాయి. లోపల ఏం పడిందో మాత్రం ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది.

వీధిలో నడుస్తూ తీసిన, కత్తిరింపుల్లేని నడక వీడియో అక్కడే గెలుస్తుంది. సోమ్ తమ్ రోట్లో ఎండు రొయ్యలు, చేపల సాస్ పడటం కళ్లారా చూస్తే, పచ్చి బొప్పాయి సలాడే కదా అని శాకాహారులు మోసపోరు. థాయ్‌లో 'మై సాయ్ నామ్ ప్లా' అంటే చేపల సాస్ వెయ్యొద్దని. అలా చెప్పినా, అందరికీ దంచే రోలు అదే కదా! పసుపు జెండా మీద ఎర్రటి 'జే' గుర్తున్న బండి వెతకడం మేలు; అక్కడ మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మన కార్తీక మాసపు వంటలాగే.

వాట్ మంగ్కోన్ మెట్రో స్టేషన్ నుంచి మొదలయ్యే వీడియో ఎంచుకుని 1.5 వేగంతో చూడండి. థాయ్ బోర్డు కనిపించగానే ఆపి స్క్రీన్‌షాట్ తీసుకుంటే, బండి దగ్గర చూపించి అడగొచ్చు. అప్‌లోడ్ తేదీ చూడకుండా ధరలు నమ్మకండి. చాలా బండ్లు సోమవారం ఉండవు, మిగతా రోజుల్లో సందడి సాయంత్రం 6 దాటాకే. ఈ సంగతి రీల్స్‌లో అరుదుగా చెబుతారు.