మోటారు బేరింగు 6205: వేడిమిలో దొర్లుడు ఘర్షణ ఎలా ఉంది?

ఎలక్ట్రిక్ మోటారు షాఫ్టులకు విరివిగా వాడే 6205 బాల్ బేరింగులో, రెండు వైపులా రబ్బరు సీళ్లు, సీ3 క్లియరెన్సు (గుండ్లకు, అవి దొర్లే వలయాలకు మధ్య మామూలు కంటే కాస్త ఎక్కువ ఖాళీ), లోపల పాలీయూరియా అనే పదార్థంతో చిక్కబరిచిన గ్రీజు ఉన్న రకాన్ని ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఈ కూర్పుతో పలు కంపెనీలు బేరింగులు తయారు చేస్తున్నందున పేర్ల జోలికి పోకుండా, ఉష్ణోగ్రత మారుతున్నప్పుడు ఇది ఎంత తేలికగా తిరుగుతుందన్న ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను.

ముందుగా లోహం సంగతి చూద్దాం. ఇందులోని గుండ్లు, అవి దొర్లే వలయాలైన రేసులు సుమారు 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కుతో తయారవుతాయి. బరువు కింద గుండు దొర్లేటప్పుడు అది ఆనిన చోట ఉక్కు రవ్వంత నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంది. ఆ క్రమంలో కొంచెం శక్తి వేడిగా మారిపోతుంది. ఆనిన చోటులోనే అతిసూక్ష్మమైన జారుడు కూడా ఉంటుందని ఇంజనీరు ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1876లోనే వివరించాడు. మోటారు మామూలుగా పనిచేసే వేడిలో ఉక్కు సాగే గుణం కొద్ది శాతమే మారుతుంది కాబట్టి, లోహం నుంచి వచ్చే ఈ ఘర్షణ దాదాపు స్థిరంగానే ఉంటుంది. ఇలాంటి బేరింగులకు చెప్పే ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు ఘర్షణగా అడ్డుపడుతుందో చెప్పే అంకె) సుమారు 0.0015. అంటే 1000 న్యూటన్ల బరువు మీద, 25 మిల్లీమీటర్ల షాఫ్టును తిప్పడానికి అడ్డుపడే టార్కు (మెలితిప్పే బలం) 19 న్యూటన్ మిల్లీమీటర్లకు మించదు. అయితే ఈ అంకె మామూలు వేగానికి, మామూలు వేడికి మాత్రమే వర్తిస్తుంది.

అసలు మార్పంతా గ్రీజులో జరుగుతుంది. గ్రీజులోని నూనె 100 గ్రేడుది అనుకుంటే, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్నిగ్ధత, అంటే చిక్కదనం, 100 సెంటీస్టోకులు. 100 డిగ్రీలకు చేరేసరికి అది సుమారు 11కు, అంటే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. చల్లగా ఉన్న బేరింగును చేత్తో తిప్పితే బరువుగా తోచడానికి, కాసేపు నడిచాక అదే బేరింగు సాఫీగా తిరగడానికి కారణం ఇదే. మొదట్లో గుండ్లు గ్రీజును చిలుకుతూ పక్కలకు నెట్టుకోవలసి వస్తుంది. అది సర్దుకున్నాక, వేడికి నూనె పలచబడ్డాక ఘర్షణ తగ్గుతుంది. అయితే వేడి ఇంకా పెరుగుతూ పోతే ఈ లాభం నిలవదు. నూనె పొర మైక్రానులో చిన్న వంతుకు పలచబడి, ఉక్కు ఉపరితలాల మీది సూక్ష్మమైన గరుకులు ఒకదానికొకటి తగలడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఘర్షణ, అరుగుదల రెండూ పైకే పోతాయి. కనుక ఎంత వేడెక్కితే అంత తేలికగా తిరుగుతుందని భావించడం సరికాదు.

ఈ విషయంలో పాలీయూరియాకు నేను మంచి మార్కులే వేస్తాను. చాలా గ్రీజులను చిక్కబరచడానికి వాడే లోహపు సబ్బు ఇందులో లేనందున, వేడిలో నూనె ఆక్సీకరణను వేగవంతం చేసే లోహ కణాలు గ్రీజు నుంచి రావు. అయినా, 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకు గ్రీజు ఆయుర్దాయం సుమారు సగానికి పడిపోతుందన్న లెక్కను దీనికీ దృష్టిలో ఉంచుకోవాలి. గ్రీజు కరిగి కారే ఉష్ణోగ్రతను చూసి, అంతవరకు నిశ్చింతగా వాడుకోవచ్చని అనుకోకూడదు.

సీ3 ఎంపిక కూడా సబబైనదే. ఈ సైజులో మామూలు క్లియరెన్సు 5 నుంచి 20 మైక్రాన్లు ఉంటే, సీ3లో 13 నుంచి 28 వరకు ఉంటుంది. నడుస్తున్న మోటారులో లోపలి రేసు బయటి రేసు కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే, వ్యాకోచం వల్లే నాలుగైదు మైక్రాన్లు తగ్గిపోతాయి. షాఫ్టు మీద బిగుతుగా ఎక్కించడం వల్ల మరికొంత పోతుంది. క్లియరెన్సు పూర్తిగా హరించుకుపోతే గుండ్లు రేసుల మధ్య నలుగుతాయి, ఘర్షణ పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి రేసు ఇంకా ఉబ్బుతుంది. బేరింగు పట్టేయడం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

నాకు బొత్తిగా నచ్చనిది సీళ్ల విషయం. రేసును ఒరుసుకునే ఈ రబ్బరు అంచులది జారుడు ఘర్షణ. బరువు తక్కువగా ఉన్నప్పుడు గుండ్ల దొర్లుడు కంటే దీని వల్లే ఎక్కువ శక్తి పోతుంది. పైగా మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీలు దాటాక గట్టిపడి పగుళ్లిస్తుంది. రేసుల ఉక్కు కొలతలు మారకుండా నిలిచేది సాధారణంగా 120 డిగ్రీల వరకే. నేను వాడిన పెట్టె మీద మాత్రం గ్రీజు పరిమితి ఒక్కటే ప్రముఖంగా ముద్రించి ఉంది. గ్రీజు, రబ్బరు, ఉక్కు అనే మూడింటిలో తక్కువ పరిమితి దేనిదో అదే బేరింగు పరిమితి. పెట్టె మీద వేయవలసింది ఆ అంకెనే.

బిగించేటప్పుడు వేడి చేయవలసి వస్తే 80 డిగ్రీలు మించకూడదు, నూనెలో ముంచకూడదు. 100 డిగ్రీల లోపు నడిచే మోటార్లకు దీన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. అంతకు మించిన చోట, దుమ్మును కొంత తక్కువగా ఆపినా, రేసును ఒరుసుకోని లోహపు మూతల రకమే నయం. 120 దాటేటట్లయితే వేడికి కొలతలు మారకుండా ప్రత్యేకంగా శుద్ధి చేసిన రేసులున్నదాన్నే అడిగి తీసుకోవాలి.