మోటారు తిరుగుతోంది, నీళ్ళే వెళ్ళట్లేదు: నాలుగేళ్ళ మొబైల్ స్టార్టర్

నాలుగేళ్ళ కిందట బోరుకి మొబైల్ స్టార్టర్, అంటే ఫోన్ చేస్తే మోటారు ఆన్ చేసే పెట్టె, పెట్టించినప్పుడు నాకంటే మా ఆవిడే ఎక్కువ సంతోషించింది. మాది విశాఖపట్నం దగ్గర ఆనందపురం వైపు. ఇంటికీ పొలానికీ రెండు కిలోమీటర్లు. గరువు నేల డెబ్బై సెంట్లు. బెండ, బీర, కొంచెం వంగ. రాత్రిపూట త్రీఫేజ్ వచ్చే రోజుల్లో టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతో గట్టు మీద నడిచిన మనిషిని నేను. ఇప్పుడు పగలే 9 గంటలు ఉచిత కరెంటు అన్నారు. బాగానే ఉంది గానీ పగలు మేం పొలంలో ఉంటే కదా! నాలుగింటికే ట్రేలు ఆటోలో వేసుకుని ఎం.వి.పి. కాలనీ రైతు బజారుకి బయల్దేరితే, ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మోటారు వేయడానికని ఇద్దరిలో ఒకరం ఆగిపోయేవాళ్ళం.

స్టార్టర్ వచ్చాక ఇద్దరం వెళ్ళాం. ఒకరు తూస్తే ఒకరు డబ్బులు చూసుకునేవాళ్ళం, సరుకు తొందరగా కదిలేది. కాటా ముందు కూర్చుని ఫోన్ కొడితే "మోటారు ఆన్ చేయబడినది" అని ఆడగొంతు పలికేది. పక్క స్టాలు వాళ్ళకి స్పీకర్ పెట్టి మరీ వినిపించేవాణ్ణి. ఊళ్ళో నలుగురి చేత కొనిపించాను కూడా.

పోయిన వైశాఖంలో ఒక రోజు, ఎప్పుడూ మా దగ్గరే కొనే ఆవిడ బెండకాయ చివర విరిచి చూసింది. విరగలేదు, వంగింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. "ముదిరిపోయాయి బాబూ" అని పక్క స్టాలుకి వెళ్ళిపోయింది. రైతు బజారులో రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, కాబట్టి జనం చూసేది కాయనే.

"నీళ్ళు తగులుతున్నాయా అసలు?" అంది మా ఆవిడ. నేను ఫోన్ తీసి గొంతు వినిపించాను. "మోటారు తిరుగుతోందంటోంది. నీళ్ళు ఎళ్తున్నాయని అందా?" అంది.

వెళ్ళి చూస్తే, డ్రిప్ ఫిల్టర్ ముందున్న జాయింట్ ఊడి ఉంది. జల్లెడ నిండా ఇసుక, తుప్పు. నీళ్ళకి దారి లేక ఒత్తిడి పెరిగి గొట్టాన్ని తన్నేసింది. మా బెండ సాళ్ళ వెంట పరిచిన సన్న డ్రిప్ పైపులు చేత్తో లేపితే గాలిలా లేచాయి. నీళ్ళన్నీ బోదె పట్టుకుని పక్క పొలంలోకి పోతున్నాయి. వాళ్ళ ఆనపపాదు పందిరి దాటి మా గట్టు మీదికి పాకింది! వారం నుంచి ఉచిత కరెంటుతో ఉచితంగా నేనే పెంచానన్నమాట. మా బెండ మాత్రం పూత రాల్చేసింది. మూడు కోతలు పోయాయి.

స్టార్టర్‌కి ఎందుకు తెలియలేదని మెకానిక్‌ని అడిగాను. బోరు ఎండితే ఆంప్స్, అంటే మోటారు లాగే కరెంటు, పడిపోతాయి, అప్పుడు అది మోటారు కట్టేస్తుందట. గొట్టం ఊడినా మోటారు నీళ్ళు తోడుతూనే ఉంటుంది, ఆంప్స్ పడవు, దాని లెక్కలో అంతా సవ్యమే. చేత్తో స్విచ్ వేసే రోజుల్లో నేనెలాగూ అక్కడే ఉండేవాణ్ణి కాబట్టి ఫిల్టర్ కడిగి, పైపుల చివర మూతలు విప్పి, సాళ్ళ మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చేవాణ్ణి. ఉడత కొరికిన పైపు కాలికి తడి తగిలి తెలిసేది. ఫోన్ వచ్చాక ఆ నడక మానేశాను. తప్పు స్టార్టర్‌ది కాదంటారు షాపువాళ్ళు. నిజమే. కానీ "ఇంట్లో కూర్చునే సాగు చేసుకో" అని అమ్మింది కూడా వాళ్ళే.

స్టార్టర్‌లో సిమ్ ఉంటుందని, దానికీ రీఛార్జి చేయాలని మరిచిపోయి రెండుసార్లు టెన్షన్ పడ్డాం. అది వేరే బాధ. డ్రిప్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. చిన్న రైతుకి 90 శాతం సబ్సిడీలో వచ్చింది, కలుపూ తగ్గింది.

స్టార్టర్ తీసేయలేదు. బజారుకి ఇద్దరం వెళ్ళాలంటే మాకది కావాలి. పొలం ఇంటి వెనకే ఉన్నవాళ్ళకీ, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నవాళ్ళకీ అంత అవసరం లేదేమో. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు మా ఆవిడ ఒక్కతే వెళ్తుంది, నేను పొలంలో ఉంటాను.

నేను కొనిపించిన నలుగురిలో ఒకాయన రెండో బోరుకి కూడా పెట్టించనా అని మొన్న అడిగాడు. ముందు ఫిల్టర్‌కి ఇటూ అటూ ఒత్తిడి చూపించే ప్రెషర్ గేజీలు పెట్టించు బావా అన్నాను. మా గేజీ ముల్లు రెండేళ్ళుగా ఒకేచోట ఇరుక్కుపోయి ఉందని మాత్రం చెప్పలేదు.