ఆర్బిటల్ 'చైమ్', ప్రాడిజీ 'చార్లీ': మొదట ఏది వినాలి?

"ప్రాడిజీ 'ఫైర్‌స్టార్టర్' విన్నాం, బాగా నచ్చింది. దానికి ముందు బ్రిటన్‌లో రేవ్ సంగీతం, అంటే రాత్రంతా సాగే డాన్స్ పార్టీల ఎలక్ట్రానిక్ సంగీతం, ఎలా ఉండేదో వినాలంటే దేంతో మొదలుపెట్టమంటారు?" ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. జవాబు వెతికితే ప్రతిసారీ రెండు పాటలు మిగులుతాయి. ఒకటి ఆర్బిటల్ అనే బృందం మొదటి సింగిల్ 'చైమ్'. రెండోది ప్రాడిజీ 'చార్లీ'. ప్రాడిజీ అంతకుముందే, 1991 ఫిబ్రవరిలో, 'వాట్ ఈవిల్ లర్క్స్' అనే ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) వేసిన మాట నిజమే. కానీ జనంలోకి వెళ్ళి చార్టు ఎక్కిన మొదటి సింగిల్ 'చార్లీ'. పోలికకు అదే సరైనది.

రెండింటి పుట్టుకా ఇంచుమించు ఒకలాంటిదే. లండన్ బయట, కెంట్‌లోని సెవెనోక్స్‌లో ఆర్బిటల్ అన్నదమ్ములు పాల్, ఫిల్ హార్ట్‌నల్. ఎసెక్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో ప్రాడిజీ పాటలు చేసే లియామ్ హౌలెట్. పెద్ద స్టూడియోలు లేవు, ఇంట్లో పెట్టుకున్న యంత్రాలే. ఆర్బిటల్ తన పేరునే లండన్ చుట్టూ తిరిగే ఎం25 రింగ్ రోడ్డు నుంచి తీసుకుంది. ఆ రోడ్డు పక్క పొలాల్లోనే కదా రాత్రంతా రేవ్‌లు నడిచింది. హౌలెట్ తన సింథసైజర్ పేరు, మూగ్ ప్రాడిజీని, బృందానికి పెట్టుకున్నాడు.

'చైమ్' తయారైంది 1989లో, మెట్ల కింద సామాన్లు పెట్టుకునే అరలో. పాల్ దాన్ని నాన్నగారి క్యాసెట్ డెక్ మీద రికార్డు చేశాడు. డీజే జాజీ ఎం ఆ టేపు విని, ఓ జోన్ అనే తన చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మీద డిసెంబరులో విడుదల చేశాడు. క్లబ్బుల్లో అది పాకడం చూసి ఎఫ్ఎఫ్ఆర్ఆర్ లేబుల్ తీసుకుని 1990 మార్చిలో మళ్ళీ వేసింది. యూకే చార్టులో 17వ స్థానం దాకా వెళ్ళింది. మాటల్లేని, పాడే గొంతే లేని, ఇంట్లో క్యాసెట్ మీద చేసిన పాటకు అది చిన్న విషయం కాదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి మొదటి నుంచీ వినండి. మెరుపులాంటి ఓ చిన్న కార్డ్ (కలిసి మోగే స్వరాల) ముక్క వస్తుంది. అదే మళ్ళీ, అదే మళ్ళీ. విసుగొస్తుందేమో అనుకునే లోపు కింద బేస్ కదలడం మొదలవుతుంది. అప్పటిదాకా నిలబడ్డట్టున్న ముక్క నడక అందుకుంటుంది. తర్వాత గంటల్లాంటి స్వరం పైనుంచి దిగి దాన్ని ఇంకో వైపు తిప్పుతుంది. ఉన్నవి నాలుగైదు శబ్దాలే. ఏది ఎప్పుడు తీసేయాలి, ఎప్పుడు తిరిగి తేవాలి అన్నదే పాటంతా. బేస్ తప్పుకున్న క్షణంలో మన ఒళ్ళే దానికోసం ఎదురుచూస్తుంది. ఈ ఎదురుచూపు మీదే రేవ్ సంగీతం మొత్తం నడుస్తుంది. అది ఇంత శుభ్రంగా వినిపించే పాట నాకు ఇంకొకటి దొరకలేదు.

బీబీసీ టీవీ పాటల కార్యక్రమం టాప్ ఆఫ్ ద పాప్స్‌కు పిలిచినప్పుడు అన్నదమ్ములు పోల్ టాక్స్‌కు వ్యతిరేకంగా నినాదం ఉన్న టీషర్టులు వేసుకుని వెళ్ళారు. థాచర్ ప్రభుత్వం తెచ్చిన ఆ తలపన్ను మీద దేశం అట్టుడుకుతున్న రోజులవి. ఆ నెలాఖరునే ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. పైగా ఆ కార్యక్రమంలో రికార్డు వేసి వాయిస్తున్నట్టు నటించాలి. వీళ్ళు యంత్రాలకు కనెక్షన్ కూడా ఇవ్వకుండా నిలబడ్డారు. పాటలో ఒక్క మాట లేకపోయినా వాళ్ళు ఎటువైపో అందరికీ అర్థమైంది.

'చార్లీ' దారి వేరు. 1991 ఆగస్టులో ఎక్స్ఎల్ రికార్డింగ్స్ విడుదల చేసింది. ఏకంగా 3వ స్థానానికి చేరింది. ఆ వేసవిలో పదహారు వారాలు గాయకుడు బ్రయన్ ఆడమ్స్ మొదటి స్థానం వదల్లేదు, అలాంటి చార్టులో పొలాల్లో ఎగిరే కుర్రాళ్ళ పాట అంత పైకి రావడం సంచలనమే. అందరినీ పట్టేసింది అందులోని పిల్లి. 1970లలో బ్రిటన్ ప్రభుత్వం చిన్నపిల్లలకు జాగ్రత్తలు చెప్పడానికి టీవీలో కార్టూన్ ముక్కలు వేసేది. అందులో చార్లీ అనే పిల్లి మ్యావ్ మంటుంది, ఒక బాబు దాని మాటను మనకు చెప్తాడు. ఆ పిల్లి అరుపులు కమెడియన్ కెనీ ఎవరెట్‌వి. ఎక్కడికైనా వెళ్ళేముందు అమ్మకు చెప్పి వెళ్ళాలి అనే మాటను హౌలెట్ పట్టుకొచ్చి బ్రేక్‌బీట్ (ముక్కలుగా విరిగినట్టుండే డ్రమ్స్ నడక) మీద పెట్టాడు. ఇంట్లో చెప్పకుండా అర్ధరాత్రి రేవ్‌కు వచ్చిన ఇరవై ఏళ్ళ వాళ్ళకు, చిన్నప్పుడు విన్న అదే గొంతు పెద్ద స్పీకర్లలో ఆ మాట చెప్తుంటే ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ఆలోచన గొప్పది. ఆ విషయంలో నాకు సందేహం లేదు.

ఇక్కడే నా దృష్టిలో తేల్చే విషయం ఉంది. పాటలోంచి ఏది ఊడదీసి పట్టుకుపోవచ్చు? 'చార్లీ'లో అది చాలా తేలిక. పిల్లల కార్యక్రమం నుంచి ఓ గొంతు తెచ్చి వేగమైన బీట్ మీద పెడితే చాలు. అదే జరిగింది. 1992లో స్మార్ట్ ఈస్ అనే బృందం పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ బాణీతో 'సెసమ్స్ ట్రీట్' చేసి 2వ స్థానానికి వెళ్ళింది. అర్బన్ హైప్ బృందం ట్రంప్టన్ అనే పిల్లల సీరియల్‌ను పట్టుకుంది. వెనకాల ఇంకెన్నో. వీటన్నిటికీ 'టాయ్‌టౌన్ టెక్నో' అని పేరు పెట్టి విమర్శకులు విసుక్కున్నారు. మిక్స్‌మ్యాగ్ పత్రిక 1992లో 'చార్లీయే రేవ్‌ను చంపిందా?' అని కవర్ మీదే అడిగేసింది. ఆ వ్యాసం రాసిన డామ్ ఫిలిప్స్ తర్వాత బ్రెజిల్ వెళ్ళి అమెజాన్ అడవుల గురించి రాస్తూ 2022లో హత్యకు గురైన జర్నలిస్టే. కటువుగా రాసినా సంగీతం మీద ప్రేమతోనే రాశాడని నేను నమ్ముతాను.

కాపీలు చేసినవాళ్ళ తప్పును 'చార్లీ' మీద వేయడం అన్యాయం. అయినా ఆ మచ్చ హౌలెట్‌ను వదల్లేదు. 1993లో కొత్త పాటను ప్రాడిజీ పేరు లేకుండా, ఎర్త్‌బౌండ్ అనే పేరుతో వైట్ లేబుల్ మీద, అంటే వివరాలేవీ అచ్చువేయని రికార్డుగా, వదిలాడు. డీజేలు ఎవరిదో తెలియకుండానే ఇష్టంగా వేశారు. తర్వాత అదే 'వన్ లవ్'గా ప్రాడిజీ పేరుతో వచ్చింది. 3వ స్థానం దాకా వెళ్ళిన సింగిల్ ఉన్న మనిషి రెండేళ్ళకే పేరు దాచుకోవాల్సి వచ్చిందంటే ఆ పాటకు దక్కిన ఆదరణ ఎంత చేదుగా మారిందో చూడండి.

'చైమ్'లోంచి అలా ఊడదీయడానికి ఏమీ లేదు. ఆ కార్డ్ ముక్కను ఎవరైనా తీసుకోవచ్చు, కానీ దాన్ని ఎప్పుడు ఆపాలో తెలియకపోతే ఉపయోగం లేదు. అందుకే ఆర్బిటల్‌కు ఆ పాటను దాచుకునే అవసరం ఎప్పుడూ రాలేదు. తలకు టార్చిలైట్లు బిగించుకుని ఇన్నేళ్ళుగా స్టేజి మీద దాన్ని వాయిస్తూనే ఉన్నారు, ప్రతిసారీ కొత్తగా సాగదీస్తూ.

మన విషయంలో ఇంకో మాట కూడా ఉంది. ఆ పిల్లి కార్టూన్ చూసి మనం పెరగలేదు. వాళ్ళకు గుండెలో తగిలిన చోట మనకు మ్యావ్ మాత్రమే వినిపిస్తుంది. కథంతా తెలుసుకుని వింటే తప్ప 'చార్లీ' సగమే అందుతుంది. 'చైమ్'కు ముందుమాట అక్కర్లేదు.

మిగతావాటి గురించి కొందరు అడుగుతారు. కెమికల్ బ్రదర్స్ మొదటి సింగిల్ 'సాంగ్ టు ద సైరన్' 1992లో, డస్ట్ బ్రదర్స్ అనే పేరుతో ఉన్నప్పుడు వచ్చింది. బాగుంటుంది, కానీ వాళ్ళ అసలు బలం తర్వాతి పాటల్లో ఉంది. 1987లో మొదటి స్థానం కొట్టిన మార్స్ 'పంప్ అప్ ద వాల్యూమ్' చరిత్రకు ముఖ్యం. ఆ బృందం మళ్ళీ ఇంకో సింగిల్ చేయలేదు కాబట్టి దాని నుంచి ముందుకు వెళ్ళే దారి లేదు.

కాబట్టి మొదలు 'చైమ్'తోనే పెట్టండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ వినపడకపోతే పాటే లేదు. అది ఒంటికి ఎక్కాక ఆర్బిటల్ మొదటి ఆల్బమ్ బ్రిటిష్ ప్రతిలో ఉన్న లైవ్ 'చైమ్' వినండి, అన్నదమ్ములు అదే పాటను జనం ముందు ఎలా నడిపారో తెలుస్తుంది. 'చార్లీ'కి వచ్చేసరికి ముందు ఆ పాత పిల్లి కార్టూన్ ఒకటి చూసి, ఆ తర్వాత పాటలో హిట్ అయిన రూపం, 'ఆలీ క్యాట్ మిక్స్', వేయండి. రెండోసారి విన్నప్పుడు పిల్లిని వదిలేసి కింద పరిగెడుతున్న డ్రమ్స్‌నే పట్టుకోండి. ప్రాడిజీ 'ఎక్స్‌పీరియెన్స్' ఆల్బమ్‌లో హౌలెట్ అదే పాటను ఇంకా మార్చి పెట్టాడు. 'ఫైర్‌స్టార్టర్' నచ్చినవాళ్ళకు ఆ డ్రమ్స్ దగ్గరే తెలిసిన మనిషి కనిపిస్తాడు.